అడవి దేశానిది, జింక రాష్ట్రానిది

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్ర చట్టాల్లో 23-2-401 అనే సెక్షన్ ఒకటుంది. ‘విల్డర్‌నెస్’గా ప్రకటించిన అడవుల్లో స్థానికేతరుడు పెద్ద జంతువులను వేటాడాలంటే పక్కన లైసెన్సున్న గైడ్ ఉండి తీరాలని ఆ సెక్షన్ చెబుతుంది. గైడ్ లేకపోతే వయోమింగ్ వాసి ఎవరైనా ఉచితంగా అనుమతి పత్రం తెచ్చుకుని తోడు వెళ్లొచ్చు. అలా వెళ్లినవాడు పైసా పుచ్చుకోకూడదు, ఏడాదికి ఇద్దరికి మించి తోడు పోకూడదు.

చిక్కేమిటంటే, ఆ అడవి వయోమింగ్‌ది కాదు. అది ఫెడరల్ భూమి. దాని మీద ఫ్లోరిడా పౌరుడికి ఎంత హక్కుందో వయోమింగ్ పౌరుడికీ అంతే. ఆ ఫ్లోరిడా మనిషే అక్కడ గుడారం వేసుకుని రోజుల తరబడి ఒంటరిగా తిరగొచ్చు, వాగుల్లో ట్రౌట్ చేపలు పట్టొచ్చు, తుపాకీతో కుందేళ్లనూ అడవికోళ్లనూ కొట్టొచ్చు. తోడెవరని అడిగేవాడుండడు. ఎల్క్ మీదికి గురి పెడితేనే చట్టం నిద్ర లేస్తుంది. ఎల్క్ అంటే మన కణుజును తలపించే భారీ జింక. ఇదంతా భద్రత కోసమే అంటారు. అయితే గాలం పట్టినవాడిని వదిలేసి తుపాకీ పట్టినవాడి మీదికే గ్రిజ్లీ ఎలుగు వస్తుందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు.

ఈ సెక్షన్ వెనక చాలా పెద్ద కథ ఉంది. ఆ కథలో భద్రతకున్న చోటు తక్కువ. మనవాడెవడు, పైవాడెవడు అన్న తగువుదే అందులో పెద్దపీట. ముల్కీ, నాన్‌ముల్కీ గొడవలు చూసినవాళ్లకు ఇది అంత పరాయి కథగా అనిపించదు.

అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల నుంచే ఈ తగువుంది. 1745లో నార్త్ కరోలినా ఒక విచిత్రమైన చట్టం చేసింది. స్థిరనివాసం లేనివాడు అక్కడ జింకను కొట్టాలంటే, కిందటి ఏడు 5,000 మొక్కజొన్న పాదులు వేసి సాకినట్టు ధ్రువపత్రం చూపాలి. వేటాడాలంటే ముందు రైతు కావాలన్నమాట! తోళ్ల కోసం జింకలను చంపుతూ ఊరూరా తిరిగే దేశదిమ్మరులను ఆపడానికి ఆ కాలానికి తోచిన ఉపాయం అది. లైసెన్సు అనే కాగితం ఇంకా పుట్టలేదు గనుక చెమటనే లెక్కగట్టారు. నాకైతే ఆ తర్వాత వచ్చిన చాలా చట్టాల కన్నా ఇదే నిజాయితీగా కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక తగువు కోర్టుకెక్కింది. ఒక రాష్ట్రం పౌరులకుండే హక్కులు ఇతర రాష్ట్రాల పౌరులకూ ఉండాలని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. మరి ఆల్చిప్పల మాటేమిటి? న్యూజెర్సీ తీరంలో పైవాళ్లు ఆల్చిప్పలు ఏరకూడదన్న చట్టం మీద 1823లో తీర్పు వచ్చింది. ఇచ్చిన న్యాయమూర్తి బుష్రాడ్ వాషింగ్టన్, తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ తమ్ముడి కొడుకు. పౌరులకుండే ప్రాథమిక హక్కులను ఆయన వరసగా లెక్కపెట్టి, ఆల్చిప్పలు మాత్రం ఆ రాష్ట్ర ప్రజల ఉమ్మడి ఆస్తి, పైవాడికి అందులో వాటా లేదని తేల్చాడు. ‘కార్‌ఫీల్డ్ వర్సెస్ కోరియెల్’ అనే ఈ కేసు ఆల్చిప్పల దగ్గర బయల్దేరి ఎల్క్‌ల దాకా నడిచింది. వేట చట్టాల మీద వాదించే లాయర్లు ఇప్పటికీ దీన్ని తిరగేస్తూనే ఉంటారు.

ఇక పడమటి కొండల సంగతి. అక్కడికొచ్చిన తొలి ఘరానా వేటగాళ్లంతా పైవాళ్లే. ఐర్లండ్ నుంచి వచ్చిన సర్ జార్జ్ గోర్ అనే జమీందారు 1854 నుంచి 1857 వరకు బళ్లూ గుర్రాలూ వేటకుక్కలూ వెంటేసుకుని ఆ మైదానాల్లో తిరిగాడు. సుమారు 2,000 బైసన్లు, 1,600 ఎల్క్‌లూ జింకలూ, వందకు పైగా ఎలుగులు అతని తుపాకులకు కూలాయని చరిత్ర పుస్తకాలు రాసే లెక్క. ఆ తిండి మీద బతికే ఆదివాసులు మండిపడ్డారు. వాళ్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెంట్లు పైకి ఫిర్యాదు చేశారు. గోర్‌కు దారి చూపిన గైడ్ జిమ్ బ్రిడ్జర్. వయోమింగ్‌లో నేడు బాగా పేరున్న విల్డర్‌నెస్‌లలో ఒకటి బ్రిడ్జర్ పేరు మీదే ఉంది. డబ్బున్న పైవాడు, దారి తెలిసిన గైడ్ అనే జంట ఆ కొండలకు ఏ చట్టమూ రాకముందే వచ్చేసింది. 1884లో బిగ్‌హార్న్ కొండల్లో గ్రిజ్లీని కొట్టిన థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా న్యూయార్క్ మనిషే.

1880ల నడిమికి బైసన్ మందలు అడుగంటాయి. మాంసం, తోళ్లు అమ్ముకునే వ్యాపార వేటను ఆపక తప్పలేదు. 1890లో రాష్ట్రమైన వయోమింగ్ కూడా వేటకు రుతువులు పెట్టింది, పైవాళ్ల మీద రుసుము వేసింది. ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టాల్సిందేమీ లేదు. తప్పు పట్టాల్సింది 1895లో జరిగింది.

అప్పటికే జాక్సన్ హోల్ లోయలో స్థిరపడ్డ తెల్లవాళ్లలో కొందరికి తూర్పు నగరాల శ్రీమంతులను వేటకు తీసుకెళ్లడమే జీవనాధారం. ఐడహోలోని ఫోర్ట్ హాల్ రిజర్వేషన్ (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) నుంచి బానక్ అనే ఆదివాసీ తెగవాళ్లు ఏటా ఈ కొండలకే వేటకొచ్చేవారు. 1868లో ఫోర్ట్ బ్రిడ్జర్ దగ్గర రాసుకున్న ఒప్పందం వాళ్లకు ఆ హక్కిచ్చింది. ఆ కోట కట్టించిందీ గోర్‌కు గైడ్‌గా పనిచేసిన బ్రిడ్జరే. ఎవరి కాపురమూ లేని ఫెడరల్ భూముల్లో, వేట జంతువులు ఉన్నంత కాలం వేటాడుకోవచ్చని ఒప్పందంలో ఉంది. రాష్ట్ర చట్టమేమో సీజన్ కాదంది. 1895 జులైలో జాక్సన్ హోల్ నుంచి బయల్దేరిన ఒక సాయుధ దండు హోబాక్ ప్రాంతంలో ఒక బానక్ గుంపును చుట్టుముట్టి పట్టుకుంది. దారిలో వాళ్లు పారిపోబోతే కాల్పులు జరిపింది. ఒక వృద్ధుడు చనిపోయాడు. తప్పిపోయిన పసిబిడ్డ ఒకరు మళ్లీ దొరకలేదు. తూర్పు పత్రికలు మాత్రం జాక్సన్ హోల్‌లో తెల్లవాళ్లనందరినీ ఆదివాసులు ఊచకోత కోశారని రాసేశాయి.

తగువు తేల్చడానికి రేస్ హార్స్ అనే బానక్ మనిషి అరెస్టును పరీక్షా కేసుగా నడిపారు. వయోమింగ్ రాజధాని షయెన్‌లోని ఫెడరల్ జడ్జి అతణ్ని వదిలేశాడు. 1896 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. వయోమింగ్ రాష్ట్రంగా యూనియన్‌లో చేరిన రోజునే, మిగతా రాష్ట్రాలతో సమానంగా జంతువుల మీద అధికారం దానికి వచ్చిందనీ, ఒప్పందపు హక్కు ఆ క్షణమే పోయిందనీ తేల్చింది. తరతరాలుగా అక్కడ తిరిగిన మనిషి పైవాడయ్యాడు. పదేళ్ల కిందట బండి దిగినవాడు స్థానికుడయ్యాడు. స్థానికేతరుల వేట మీద వయోమింగ్ గెలిచిన తొలి పెద్ద యుద్ధం ఇదే. ఆ తీర్పు 123 ఏళ్లు బతికింది. క్రో తెగకు చెందిన క్లేవిన్ హెరేరా బిగ్‌హార్న్ జాతీయ అటవీభూమిలో ఎల్క్‌ను కొట్టిన కేసులో 2019 మేలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో రేస్ హార్స్ తీర్పును కొట్టివేసింది. రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన ఒప్పందాలు చావవని చెప్పింది.

1896లోనే మరో తీర్పు వచ్చింది. కనెక్టికట్‌లో కొట్టిన పిట్టలను రాష్ట్రం దాటించకూడదన్న చట్టం మీద ‘గీర్’ కేసు అది. అడవి జంతువులు రాష్ట్ర ప్రజల ఆస్తి, రాష్ట్రం వాటికి ధర్మకర్త అని కోర్టు అందులో స్థిరపరిచింది. ఇక రాష్ట్రాలకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. పైవాడు అనే మాట పొరుగు రాష్ట్రంవాడి దగ్గర ఆగలేదు. 1909లో పెన్సిల్వేనియా, పౌరసత్వం రాని వలసజీవులు అడవి జంతువులను వేటాడకూడదనీ, అందుకోసం తుపాకీ కూడా దగ్గర ఉంచుకోకూడదనీ చట్టం చేసింది. అప్పట్లో ఇటలీ నుంచి బొగ్గుగనులకు కూలికొచ్చినవాళ్ల మీద కన్నేసి చేసిన చట్టమది. పాత్సోన్ అనే ఇటాలియన్ వలసజీవి కోర్టుకు వెళ్లాడు. 1914లో అమెరికా న్యాయచరిత్రలో మహామేధావిగా పేరుపడ్డ జస్టిస్ హోమ్స్ స్వయంగా ఆ చట్టాన్ని సమర్థిస్తూ తీర్పు రాశాడు. మేధావులు రాసినవన్నీ మేధావితనం కాదు.

గైడ్ వృత్తికి చట్టం ముద్ర పడిందీ ఆ కాలంలోనే. 1897లో మెయిన్ రాష్ట్రం గైడ్లు పేర్లు నమోదు చేయించుకోవాలని చట్టం తెచ్చింది. తొలి లైసెన్సు పొందింది ఒక మహిళ, కార్నీలియా క్రాస్బీ. చేపల వేట గురించి పత్రికల్లో కాలమ్స్ రాస్తూ ఊరూరా పేరు తెచ్చుకున్న మనిషి. పైవాణ్ని అడవిలోకి తీసుకెళ్లడం అప్పటిదాకా పనిగా ఉండేది, ఇప్పుడు నమోదైన వృత్తి అయింది. వృత్తి అయ్యాక దానికో సంఘం, ఆ సంఘానికి శాసనసభలో పలుకుబడి ఎలా వస్తాయో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

రాష్ట్రాల పక్షాన చెప్పాల్సింది చెప్పకపోతే అన్యాయం. 1900ల తొలి సంవత్సరాల్లో, ఎల్క్ దంతాలను గడియారపు గొలుసులకు అలంకారంగా వేలాడదీసుకునే ఫ్యాషన్ కోసం, రెండు దంతాలు పీక్కుని అంత జంతువునూ కుళ్లడానికి వదిలేసే దొంగలు వయోమింగ్ అడవుల్లో దిగారు. వాళ్లను తరిమింది జాక్సన్ హోల్ స్థానికులే. చలికాలాల్లో మేత లేక వేలల్లో చచ్చిపోతున్న ఎల్క్‌ల కోసం 1912లో అక్కడ జాతీయ ఎల్క్ శరణాలయం వెలిసింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకుల మీద, తూటాల మీద వేసిన పన్నును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతూ వచ్చింది. మందలు తిరిగి పెరిగాయంటే అందులో ఆ శాఖల చాకిరీ చాలా ఉంది. ఆ చాకిరీ ఖర్చులో స్థానికేతరుల లైసెన్సు రుసుముల వాటా ఎంతో పెద్దదన్నది కూడా నిజమే. వయోమింగ్‌లో ఎల్క్ లైసెన్సుకు స్థానికుడు 60 డాలర్లు కూడా కట్టడు, పైవాడు 700కు దగ్గరగా కడతాడు. ప్రత్యేక కోటాలో అయితే రెండు వేలకు చేరువ.

ఇప్పుడు 1964కు వద్దాం. రోడ్డు వేయకూడని, మోటారు బండి తిరగకూడని, మనిషి అతిథిలా వచ్చిపోవాల్సిన నేలగా కొన్ని ఫెడరల్ అడవులను కాపాడాలని హోవార్డ్ జానిజర్ అనే ఉద్యమకారుడు ఏళ్లకేళ్లు చట్టం ముసాయిదాలు రాసి తిరగరాశాడు. చట్టాన్ని కళ్ల చూడకుండానే ఆ మే నెలలో కన్నుమూశాడు. సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ విల్డర్‌నెస్ చట్టం మీద సంతకం చేశాడు. మొదటి రోజున 54 ప్రాంతాలు, 91 లక్షల ఎకరాలు. ఇవాళ 800కు పైగా ప్రాంతాలు, 11 కోట్ల ఎకరాలకు పైమాటే. వయోమింగ్‌లో బ్రిడ్జర్, టీటన్, నార్త్ అబ్సరోకా వంటివి మొదటి జాబితాలోనే ఉన్నాయి. 1984లో మరికొన్ని కలిశాయి. అన్నీ కలిపి ఆ రాష్ట్రంలో 30 లక్షల ఎకరాలు. వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్ చూడబోయే మన తెలుగు కుటుంబాలు పార్కు దక్షిణ ద్వారం గుండా వెళ్తే, ఆ దారికి తూర్పున పరుచుకున్నది టీటన్ విల్డర్‌నెసే.

అమెరికన్లందరి కోసం అంటూ మొదలైన ఆ చట్టంలోనే ఒక మూల చిన్న వాక్యం ఉంది. జాతీయ అడవుల్లో వన్యప్రాణుల మీద, చేపల మీద రాష్ట్రాలకున్న అధికారాన్ని ఈ చట్టం తాకదని దాని సారం. పడమటి రాష్ట్రాల ఓట్లు లేకుండా బిల్లు గట్టెక్కదు మరి. అలా అడవి దేశానిది, జింక రాష్ట్రానిది అయ్యాయి. నేల యజమాని ఒకరు, నేల మీద తిరిగే ప్రాణికి ధర్మకర్త మరొకరు. ఈ ఇద్దరి నడుమ సందులోనే 23-2-401 పుట్టింది. ఫెడరల్ ప్రభుత్వం గీసిన హద్దునే వయోమింగ్ తన గైడ్ నిబంధనకు హద్దుగా వాడుకుంది. కాంగ్రెస్ కొత్తగా ఒక అడవిని విల్డర్‌నెస్‌గా కాపాడితే, మర్నాటి నుంచి స్థానికేతరుడికి అందులో పెద్ద జంతువులను ఒంటరిగా వేటాడే అవకాశం పోతుంది. జానిజర్ కలలో కూడా ఊహించని ఫలితం.

కోర్టులు ఏమన్నాయి? 1978లో మోంటానా మీద వచ్చిన ‘బాల్డ్విన్’ తీర్పు అన్నిటికీ మూలం. అక్కడ ఎల్క్ లైసెన్సు స్థానికుడికి 9 డాలర్లు. పైవాడు మాత్రం 225 డాలర్లు పెట్టి, అక్కర్లేని జంతువులు కూడా కలిపిన లైసెన్సు కొనాలి. ఎల్క్ వేట వినోదం, బతుకుతెరువు కాదు, కాబట్టి అది ప్రాథమిక హక్కు కిందికి రాదని అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో చెప్పింది. అంతకు ముప్పయ్యేళ్ల ముందు, 1948లో, సౌత్ కరోలినా తన రొయ్యల పడవల నుంచి 25 డాలర్లు, పై రాష్ట్రాల పడవల నుంచి 2,500 డాలర్లు వసూలు చేయబోతే ఇదే కోర్టు కొట్టేసింది. రొయ్య బతుకుతెరువు, ఎల్క్ సరదా. తేడా అంతే. 1986లో వయోమింగ్ సుప్రీంకోర్టు ‘ఓబ్రయన్’ కేసులో గైడ్ నిబంధనను నిలబెట్టింది. వినోదానికి హక్కు లేదు, భద్రత సహేతుకమైన కారణమే అని దాని ధోరణి.

ఒక్కసారి మాత్రం గాలి మారేలా కనిపించింది. 1979లో సుప్రీంకోర్టు ‘గీర్’ తీర్పును పక్కనపెట్టింది. జంతువులు రాష్ట్రం సొంత ఆస్తి అన్న సిద్ధాంతం కూలింది. ఆ పగులును పట్టుకుని న్యూమెక్సికోకు చెందిన వేట వ్యాపారులు అరిజోనా మీద దావా వేశారు. మేలైన వేటల్లో పైవాళ్లకు పది శాతానికి మించి ఇవ్వనన్న అరిజోనా కోటా, అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని అడ్డుకుంటోందని 2002లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అంది. పడమటి రాష్ట్రాలు హడలిపోయాయి. నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ చొరవతో 2005 మేలో కాంగ్రెస్ ఒక సెక్షన్ ప్యాస్ చేసింది. వేటలో స్థానికుడికీ పైవాడికీ తేడా చూపడం రాష్ట్రాల ఇష్టం, దానికి రాజ్యాంగంలోని వాణిజ్య నిబంధన అడ్డు రాదని. ఆ సెక్షన్ దేనికి తగిలించారో తెలుసా? ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల ఖర్చుకూ సునామీ సహాయానికీ డబ్బు కేటాయించిన అత్యవసర బిల్లుకు. 2004 డిసెంబరులో మన కోస్తాను కూడా ముంచిన ఆ సునామీ పేరున్న చట్టం వెనక సీట్లో, వయోమింగ్ ఎల్క్‌ల భవితవ్యం చప్పుడు లేకుండా కూర్చుని వెళ్లిపోయింది. అదే ఏడాది పదో సర్క్యూట్ కోర్టులో, ఫ్లోరిడా నుంచి వచ్చిన ఒక లాయరు వయోమింగ్ మీద వేసిన దావా కూడా వీగిపోయింది.

వయోమింగ్ ఒక్కదాన్నే అనడం భావ్యం కాదు. అలాస్కాలో గోధుమరంగు ఎలుగు, డాల్ గొర్రె, కొండమేక వేటకు పై రాష్ట్రంవాడికి గైడ్ ఉండాలి. అక్కడి నిబంధన అడవి హద్దును చూడదు, జంతువును చూస్తుంది. విదేశీయుడైతే పెద్ద జంతువులన్నిటికీ గైడ్ కావాలి. పై రాష్ట్రంవాడికి అలాస్కాలో దగ్గరి బంధువుంటే మాత్రం గైడ్ అక్కర్లేదు. ఆ బంధుత్వాల జాబితా చదివితే పెళ్లిచూపుల్లో వరసలు కలుపుతున్నట్టుంటుంది. అన్నదమ్ములు, తాత, మనవడు, మామగారు, బావమరిది అందరూ పనికొస్తారు. పెదనాన్న కొడుకు మాత్రం పనికిరాడు. అదే అలాస్కా సుప్రీంకోర్టు 1988లో, ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో గైడ్‌కు గుత్తగా రాసివ్వడం చెల్లదని కొట్టేసింది. వన్యప్రాణులు ప్రజల ఉమ్మడి వాడకానికని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉండటం వల్ల అది సాధ్యమైంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ పైవాళ్లు పెద్ద జంతువులను తోడు లేకుండా వేటాడకూడదు.

భద్రత వాదం బొత్తిగా బూటకం అని నేననను. 2018 సెప్టెంబరులో టీటన్ విల్డర్‌నెస్‌లోనే, కొట్టిన ఎల్క్‌ను తెచ్చుకోవడానికి వెళ్లిన ఒక గైడ్‌ను గ్రిజ్లీ చంపేసింది. పై రాష్ట్రం నుంచి వచ్చిన వేటగాడు బతికాడు. నెత్తుటి వాసన, కోసిన మాంసం వేటగాడిని మామూలు పాదచారి కన్నా ప్రమాదంలో పడేస్తాయన్నదీ నిజమే. కానీ ప్రమాదమే కారణమైతే, నిన్న మొన్న ఏడాది నివాసం పూర్తిచేసుకుని స్థానికుడైన షయెన్ గుమాస్తాకు లేని గైడ్, నలభయ్యేళ్లు కొలరాడో కొండల్లో తిరిగిన పొరుగువాడికి ఎందుకు? జంతువులు ఇన్నే కొట్టాలనడం, లైసెన్సులకు కోటా పెట్టడం, పైవాడి దగ్గర ఎక్కువ రుసుము తీసుకోవడం రాష్ట్రం పని. దాన్ని ఒప్పుకుంటాను. తోడొచ్చే స్థానికుడు దొరకనివాడు ఉమ్మడి నేల మీద వేటాడాలంటే ఒక ప్రైవేటు వ్యాపారికి వేల డాలర్లు చెల్లించాలనడం మాత్రం వన్యప్రాణి సంరక్షణ కాదు. అది గుత్త.

ఇటీవల ఈ తగువు మరో దారిలో కొంత సడలింది. 1860ల్లో రైలు కంపెనీలకు ఇచ్చిన భూదానాల వల్ల వయోమింగ్ దక్షిణ భాగం చదరంగం బల్లలా ఉంటుంది. ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఎల్క్ మౌంటెన్ దగ్గర, ఇలాంటి రెండు ప్రభుత్వ గడులు కలిసే మూల మీదుగా నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేల మీద కాలు మోపకుండా దాటారు. భూస్వామి లక్షల డాలర్ల నష్టపరిహారం అడిగాడు. 2022లో అక్రమ ప్రవేశం కేసులో జ్యూరీ వాళ్లను నిర్దోషులంది. 1885 నాటి అక్రమ కంచెల చట్టాన్ని ఆధారం చేసుకుని 2025 మార్చిలో పదో సర్క్యూట్ కోర్టు కూడా వాళ్ల పక్షాన నిలిచింది. అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఆ నలుగురూ స్థానికేతరులే. వాళ్లు తెరిచిన దారి మాత్రం వయోమింగ్ వాసులకూ పనికొస్తుంది.

23-2-401 సెక్షన్ మాత్రం చెక్కుచెదరలేదు. కోర్టులు వినోదం అని పక్కకు తప్పుకున్నాయి. కాంగ్రెస్ 2005లో రాష్ట్రాల ఇష్టమని చేతులు కడుక్కుంది. ఆచరణలో దాన్ని మార్చగలిగేది షయెన్‌లో ఏటా కొద్ది వారాలు కూర్చునే వయోమింగ్ శాసనసభే. ఆ సభ్యులను ఎన్నుకునేది వయోమింగ్ ఓటర్లు. స్థానికేతర వేటగాడికి అక్కడ ఓటు లేదు.